బుట్ట నిండాక వెళ్దాం

వాన పడితే నేల కమ్మగా వాసన వేస్తుందని అందరూ అంటారు. మా బందరులో అలా ఉండదు. నిన్న సాయంత్రం మొదటి వాన పడింది. ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి పరుగెత్తినదాన్ని సగంలోనే ఆగిపోయాను. తడిసిన సున్నం వాసన, అందులో కొంచెం ఎండుచేపల గంప వాసన. ఉప్పు పేరుకున్న నేల మీద నీళ్ళు పడితే వచ్చే వాసన అది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసనతో పాటు మెహరున్నీసా టీచరు గారు కనిపిస్తారు. కుచ్చెళ్ళు ఎగదోపుకుని, వరండా ముందు గొంతుక్కూర్చుని, చిటికెడు మట్టి తీసి నాలుక చివర పెట్టుకుని, "థూ, ఇంకా ఉప్పే" అంటున్నట్టు.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. మునిసిపాలిటీ బడిలో పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు. రెండు గదుల పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరని నూలు చీరలో. నేను దివిసీమలో సముద్రం ఒడ్డు పల్లె నుంచి పెళ్ళి చేసుకుని బందరు వచ్చినదాన్ని. మా ఆయన పోయాక వాళ్ళింట్లో వంటకీ అంట్లకీ కుదిరాను. అప్పటికి నా పిల్లలు ఎవరి సంసారాలు వాళ్ళు చేసుకుంటున్నారు. నాకు అక్షరం ముక్క రాదు. చర్చిలో అందరితో పాటు నేనూ పాటల పుస్తకం తెరిచి పట్టుకునేదాన్ని. పాటలన్నీ నోటికి వచ్చు గనక ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. టీచరు గారికి మాత్రం వారం తిరక్కుండానే తెలిసిపోయింది. ఒకరోజు రెండు మందుసీసాలు నా ముందు పెట్టి, "ఇందులో దగ్గుమందు ఏది రూతమ్మా?" అన్నారు. నేను రెండింటి మూతలూ తీసి వాసన చూశాను. ఆవిడ పకపకా నవ్వారు.

"వాసన చూసి మందు పోసేదానివి, ఏదో ఒకనాడు నన్ను నేరుగా పైకి పంపించేస్తావు. రేపటి నుంచి అంట్లయ్యాక పలక పట్టుకో."

అలా ఆ వయసులో నాకు అక్షరాలు వచ్చాయి. తేలిగ్గా మాత్రం రాలేదు. ఆవిడ కోప్పడేవారు కాదు, చూసేవారు కాదు. అదే ఆవిడ పద్ధతి. ఒక అక్షరం రాసి చూపించి, "కుదిరేదాకా దిద్దు. కుదిరాక చూపించు. సగం పని నాకు చూపించకు" అని తన పనిలోకి వెళ్ళిపోయేవారు. నేను దిద్దేదాన్ని, తుడిపేదాన్ని. మధ్యలో ఆశగా పలక ఎత్తి పట్టుకున్నా తల తిప్పేవారు కాదు. తన విషయంలోనూ అంతే. టీ రంగు కుదరకపోతే అతిథి ఎదురుగా కూర్చున్నా పారబోసి మళ్ళీ కాచేవారు. కొన్నాళ్ళకి నేను కూడబలుక్కుని బైబిలు చదవడం మొదలుపెట్టాను. ముస్లిం ఇంటి వరండాలో కూర్చుని నేను కీర్తనలు చదువుతుంటే, ఆవిడ కూరగాయలు తరుగుతూ తప్పులు దిద్దేవారు. మా పాస్టరమ్మ గారు నన్ను ఆదివారం నిలబడి వాక్యం చదవమన్నారని సంబరంగా చెప్పాను. "తడుముకోకుండా వచ్చాక నిలబడు. ఇప్పుడే వద్దు, నవ్వుతారు" అన్నారు. నేను నిలబడలేదు. అప్పట్లో అది నా మంచికేననుకున్నాను. మంచికే అయి ఉండొచ్చు కూడా.

ఇక మల్లెచెట్టు సంగతి. వరండాకి ఎదురుగా ఒక సిమెంటు వర ఉండేది. బావిలో దింపే వర. బందరులో నేల మీద నేరుగా పూలచెట్టు పెడితే బతకదు, అందుకని ఇలా వర నిలబెట్టి, అందులో బయటి మట్టి పోసి పెంచుతారు. అందులో ఒక దొంతరమల్లె మొక్క. నేను చేరేటప్పటికి దాన్ని మొక్క అనడానికి కూడా మనసొప్పేది కాదు. మోకాలెత్తు పుల్లలు, ఆకుల అంచులన్నీ నిప్పు తగిలినట్టు మాడి. సముద్రపు గాలి వీచినరోజు ఇంకో నాలుగు ఆకులు రాలేవి. టీచరు గారు పొద్దున్న నమాజు కాగానే మొదట దాని దగ్గరికే వచ్చేవారు. బియ్యం కడిగిన నీళ్ళు పోసేవారు. ఎండ ముదిరితే పాత చీర కట్టి నీడ పట్టేవారు. వాన పడితే చూరు కింద గుండిగలు పెట్టి నీళ్ళు పట్టించేవారు, మాకు కాదు, దానికి.

"ఇన్ని తిప్పలు ఎందుకండీ, బజార్లో మూర కొనుక్కుంటే పోలా?" అన్నాను ఒకసారి.

"ఇది కొన్న మొక్క కాదు. మా చెల్లెలి దొడ్లోది."

ఆవిడకి చెల్లెలుందని నాకు అప్పుడే తెలిసింది. షంషాద్ గారు. ఎక్కడో దూరాన కాదు, గుడివాడలో, బస్సెక్కితే గంట ప్రయాణం. అక్కడ కాలవ నీళ్ళు, తియ్యటి నేల. ఆవిడ పెరట్లో మల్లె గుబురుగా కాస్తుందట. ఆ చెట్టు కొమ్మ నేలకి వంచి, అంటు కట్టి, వేరు పట్టాక అక్కకి ఇచ్చింది. ఇస్తూ వేళాకోళం ఆడిందట: "బందరు ఉప్పులో ఇది పూసినరోజు నేను గుడివాడ నుంచి నడుచుకుంటూ వస్తాను అక్కా." ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తరవాత కొద్దికాలానికే వాళ్ళమ్మ గారు గుడివాడలో చిన్న కూతురింట్లో పోయారు. కబురు అంది టీచరు గారు బయల్దేరేసరికి పెద్ద వాన, దారిలో బస్సు నిలిచిపోయింది. వాళ్ళలో మట్టి కార్యం ఆలస్యం చేయరు. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టేసరికి అంతా అయిపోయి, మగవాళ్ళు స్మశానం నుంచి తిరిగి వస్తున్నారు. అమ్మ ముఖం చూడలేదు.

"ఒక్క గంట. ఒక్క గంట ఆపలేకపోయింది" అన్నారు టీచరు గారు, గోంగూర ఆకులు గిల్లుతూ. "ఆ వేళ గుమ్మం దిగి వచ్చేశాను. మళ్ళీ మాట్లాడలేదు."

"ఎప్పటికీ మాట్లాడరా అండీ?"

"ఎందుకు మాట్లాడను? ఈ చెట్టు పూయనీ. బుట్టెడు పూలు పట్టుకెళ్ళి దాని ఒళ్ళో గుమ్మరించి వస్తాను. మాట్లాడను. గుమ్మరించి వచ్చేస్తాను."

మాట్లాడనంటూనే వెళ్తానన్న మాట నాకు బాగా వినిపించింది. ఆ పూలు లేకుండా ఆవిడ కాలు గుడివాడ వైపు కదలదు. ఊరికే వెళ్తే తానే ముందు పలకరించినట్టు అవుతుంది, తగ్గినట్టు అవుతుంది. చేతిలో పూలుంటే పందెం గెలిచినట్టు వెళ్ళొచ్చు. అక్కచెల్లెళ్ళు కలవడానికి దారి ఆ ఎండుపుల్లల్లో ఉందని అర్థమయ్యాక, ఆ చెట్టు మీద నాకూ పట్టుదల వచ్చింది.

ముందు మట్టి మార్చాం. తోట్లవల్లూరు నుంచి కృష్ణ ఒడ్డు ఒండ్రుమట్టి బస్తాల్లో తెప్పించాం. టీచరు గారు ఒక్కో బస్తాలోంచి చిటికెడు నోట్లో వేసుకుని చూసి, "తియ్యగా ఉంది, పొయ్యి" అనేవారు. చివికిన మేకపెంట కలిపాం. చెట్టు కోలుకుంది. మాడిన ఆకుల మధ్య లేత చివుళ్ళు వచ్చాయి. ఆ వేసవిలో కుళాయి గొట్టం ఎక్కడో పగిలి నీళ్ళు రాకపోతే, మేమిద్దరం దాచిన వాన నీళ్ళు చెంబులతో పోస్తూ దాన్ని కాపాడుతున్నాం. పక్కింట్లో రోల్డ్‌గోల్డ్ గాజులు చేసే బాషా ఉండేవాడు. ఒకరోజు మేం బజారు నుంచి వచ్చేసరికి గోడ మీద నుంచి తల పెట్టి, మెరిసే మొహంతో, "టీచరు గారూ, మీరు లేరని చెట్టుకి నేనే రెండు బకెట్లు పోశానండీ!" అన్నాడు.

"ఏ నీళ్ళు నాయనా?" అన్నారు ఆవిడ, చెప్పులు కూడా విడవకుండా.

"మా కొత్త బోరువండీ. బ్రహ్మాండంగా పడుతున్నాయి."

బందరు బోరు నీళ్ళంటే సముద్రపు నీళ్ళకి చెల్లెలు. ఆవిడ మాత్రం "మంచిదయ్యా, నీకు పుణ్యం" అని లోపలికి వచ్చి, తలుపు వేసి, గోడకి ఆనుకుని కూర్చున్నారు. నాలుగు రోజులకి మట్టి మీద తెల్లగా ఉప్పు పూసింది, చివుళ్ళు నల్లబడ్డాయి. మళ్ళీ వరలో మట్టి అంతా తవ్వి పోశాం. బాషా కూడా వచ్చి తవ్వాడు, ఎందుకో తెలియకుండానే. "చెట్టుకి మార్పు కావాలంది బాషా" అని ఆవిడ చెప్పిన అబద్ధం విని నేను పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. అందరి తప్పులూ అంత తేలిగ్గా పోనిచ్చే మనిషి, చెల్లెలి దగ్గర మాత్రం ఎందుకు బిగుసుకుపోయారో నాకు ఇప్పటికీ తెలియదు. దగ్గరివాళ్ళు గనకేనేమో.

తరవాత చెట్టు ఏపుగా ఎదిగింది. ఎదిగింది గానీ పూయలేదు. ఒకటే ఆకు. కోనేరు సెంటరులో పూలమ్మే నాంచారమ్మని అడిగాను. ఆవిడ పుట్టిల్లు పూలతోటల ఊరు. "ముద్దు చేస్తున్నారా? ముద్దు చేస్తే మల్లె ఆకే ఇస్తుంది తల్లీ. చలికాలం చివర్లో నీళ్ళు ఆపెయ్యండి. కొమ్మలు కత్తిరించండి. ఆకు దూసెయ్యండి, ఒక్కటి ఉంచకుండా. ఎండిపోయిందని ఏడ్చేంత చెయ్యండి. అప్పుడు పోసి చూడండి నీళ్ళు" అంది. టీచరు గారికి చెప్తే కత్తెర నా చేతికిచ్చి, తాను లోపలికి వెళ్ళి కూర్చున్నారు. నేను కొమ్మలు కత్తిరించి, పిడికిట్లో పట్టి ఆకు దూస్తుంటే, కిటికీలోంచి "అయిందా? బతికుందా?" అని అడుగుతూనే ఉన్నారు. బయటికి వచ్చి చూసి, "చంపేశావే రూతమ్మా" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా పాలు పట్టినట్టు పెంచిన చెట్టు, వరలో గుచ్చిన చీపురు లాగా నిలబడింది.

ఎండలు మొదలయ్యాయి. నీళ్ళు పోశాం. కణుపు కణుపుకీ చిగురు, చిగురు వెనకే మొగ్గ. మొదటి కోతకి దోసిట్లో సగం పూలు వచ్చాయి. నేను చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని తయారయ్యాను.

"పదండి, పదిన్నర బస్సుకి వెళ్దాం."

"ఇవి పట్టుకునా? దాని దొడ్లో మేకలు నమిలేవి ఇంతకంటే ఎక్కువ."

"పూసిందా లేదా అన్నదే కదండీ పందెం."

"బుట్ట నిండాక వెళ్దాం" అన్నారు. ఆ పూలు తీసుకెళ్ళి మంచినీళ్ళ కుండలో వేశారు. ఆ రోజంతా మేం తాగిన నీళ్ళు మల్లెపూల వాసన.

ఆ ఏడు వేసవి పొడుగునా కొద్దికొద్దిగా పూసింది. ఒకనాడు నా చేతిరుమాలు నిండా వచ్చాయి. నేను మళ్ళీ అడిగాను. ఆవిడ రుమాలు మూట విప్పి చాలాసేపు చూశారు. వెళ్దామనే అనుకున్నారు, నాకు తెలుసు. బీరువా తీసి మంచి చీర కూడా బయట పెట్టారు. మళ్ళీ అద్దం ముందు నిలబడి, "ఇన్నేళ్ళు ఆగి ఇంతేనా తెచ్చావంటుంది. వచ్చే ఏడు గట్టిగా దూద్దాం. బుట్టెడు వస్తాయి" అన్నారు. చీర లోపల పెట్టేశారు. పలక మీద నా చేత తుడిపించినట్టే, ఆ ఏడాదిని కూడా తుడిపేశారు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఈసారి ఆవిడే దగ్గర నిలబడి ఆకు దూయించారు. "ఇంకా, ఇంకా, అదిగో అక్కడొకటి మిగిలింది" అంటూ. చెట్టు మోడుగా నిలబడ్డ ఆ వారంలోనే, ఒక ఉదయం నేను వెళ్ళేసరికి తలుపు తీయలేదు. బాషా గోడ దూకి, పెరటి వైపు నుంచి లోపలికి వెళ్ళి గడియ తీశాడు. నమాజు చాప మీదే ఒరిగి ఉన్నారు.

గుడివాడకి బాషా ఫోను చేశాడు. నేను లోపల ఆడవాళ్ళతో ఉన్నాను. వాళ్ళు స్నానం చేయించి, తెల్లగుడ్డ కట్టి సిద్ధం చేశారు. బయట పెద్దలు మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్దామని మాట్లాడుకుంటున్నారు. షంషాద్ గారు ఇంకా రాలేదు. నేను ఎవరినని ఆ ఇంట్లో మాట్లాడాలి? పనిమనిషిని, కిరస్తానీదాన్ని. అయినా కాళ్ళు వాటంతట అవే వరండాలోకి నడిచాయి.

"అయ్యా, కొంచెం ఆపండి. వాళ్ళ చెల్లెలు దారిలో ఉంది. అక్క ముఖం చూడాలి."

తెల్లగడ్డం పెద్దాయన నా వైపు చూసి, "ఆలస్యం చేయకూడదమ్మా, మా పద్ధతి" అన్నారు మెల్లగా.

"ఈవిడ మళ్ళీ కనపడరు కదండీ" అన్నాను. ఆయన పక్కవాళ్ళతో మాట్లాడి, "సాయంత్రం నమాజు దాకా ఆగుదాం" అన్నారు.

షంషాద్ గారు వచ్చారు. అక్క పోలికే, కొంచెం లావు. మంచం పక్కన కూర్చుని ముఖం మీద గుడ్డ తొలగించి చూశారు. ఏడవలేదు. చేత్తో అక్క నుదురు సర్దుతూ, "నా కోసం ఎవరు ఆపారు?" అని అడిగారు. అందరూ నన్ను చూపించారు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మకి కూడా ఆపమన్నాను తల్లీ. అక్క దారిలో ఉందన్నాను, కాళ్ళు పట్టుకున్నాను. నా మాట ఎవరూ వినలేదు. నేను ఆపలేదనుకుంది అక్క. ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు. అడక్కుండా నేనెందుకు చెప్పాలని నేనూ ఊరుకున్నాను."

కిటికీలోంచి ఆకు లేని మల్లెచెట్టు కనిపిస్తోంది. రుమాలు మూట పట్టుకుని ఆ వేసవిలో వెళ్ళి ఉంటే, గుమ్మంలో గొడవ పడైనా సరే, ఈ నాలుగు మాటలు టీచరు గారి చెవిన పడేవి. తన కోసం చెల్లెలు ఆపలేదన్న ముల్లు గుండెల్లో లేకుండా ఆవిడ ఆ చాప మీద ఒరిగేవారు.

ఇంటికి తాళం వేశారు. అమ్మేదాకా చూసుకోమని టీచరు గారి భర్త తరఫువాళ్ళు నాకు తాళం చెవి ఇచ్చారు. ఎండలు రాగానే నేను నీళ్ళు పోశాను. ఆ ఏడు ఆ చెట్టు పూసిన పూత బందరులో ఎవరూ చూసి ఉండరు. బాషా గోడ మీద నుంచి చూసి, "టీచరు గారు ఉండుంటే" అని మాట పూర్తి చేయలేదు. బుట్ట నిండింది. తడిగుడ్డ కప్పి, పదిన్నర బస్సెక్కి గుడివాడ వెళ్ళాను.

షంషాద్ గారు పెరట్లో బియ్యం ఏరుకుంటున్నారు. "ఒడి పట్టండమ్మా" అన్నాను. ఏమిటో తెలియక కొంగు పట్టారు. బుట్టెడు పూలూ గుమ్మరించాను. మీ అక్క గారు ఇలా గుమ్మరించి మాట్లాడకుండా వచ్చేద్దామనుకున్నారని చెప్పాను. ఆవిడ నవ్వారు, నవ్వుతూనే కొంగులో పూలు దగ్గరికి పోగుచేసుకున్నారు.

"బుట్ట ఎవరడిగారమ్మా? ఉత్త చేతుల్తో వస్తే గుమ్మంలో నిలబెడతానా?"

నేను బయల్దేరుతుంటే ఆగమన్నారు. తన చెట్టు దగ్గరికి వెళ్ళి, ఎండలో నిలబడి, ఆ బుట్టని తన పూలతో నింపి నా చేతికిచ్చారు. "అక్కకి" అన్నారు. ఎక్కడ ఇవ్వాలో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

బందరులో దిగి ఇంటికి వెళ్ళలేదు. స్మశానం గేటు దగ్గరికి నడిచాను. అక్కడ ఆడవాళ్ళు లోపలికి వెళ్ళడం అలవాటు లేదు. కాపలా ముసలాయనకి ఇనుప చువ్వల పైనుంచి బుట్ట అందించి, మెహరున్నీసా టీచరు గారి సమాధి మీద పొయ్యమన్నాను. ఆయనకి తెలుసు, ఆవిడ దగ్గర చదువుకున్నాడట ఆయన కొడుకు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఎవరు పంపించారమ్మా?" అని అడిగాడు.

"చెల్లెలు" అన్నాను. "గుడివాడ నుంచి."

"ఆహా, చెల్లెలు గారున్నారా? చెప్పేవారు కాదే ఎప్పుడూ" అంటూ వెళ్ళాడు. ఎండలో అతను వంగి పూలు పోయడం దూరం నుంచి కనిపించింది. తిరిగొచ్చి ఖాళీ బుట్ట నా చేతికిచ్చాడు.

ఆ ఇల్లు చేతులు మారింది. వర ఉన్నచోట గచ్చు చేసి ఇప్పుడు మోటారుసైకిళ్ళు పెట్టుకుంటున్నారు. బుట్ట నా వంటింట్లో ఉంది. ఖాళీగా ఉంటే చూడలేను. నాలుగు ఉల్లిపాయలు వేసి ఉంచుతాను.